సెప్టెంబరు పద్నాలుగున ఢోలక్ మోగలేదు

మా ఇంటి పై వాటాలో ఉండే వైకుంఠానికి పాటలంటే ప్రాణమని శాలిబండలో నాలుగు గల్లీల నమ్మకం. ఆ నమ్మకం ఎలా పుట్టిందో పదిహేనేళ్లుగా చూస్తున్నాను గనుక చెప్పగలను. పాటల గురించి ఆయన రాసింది అందరూ చదివారు. ఆయన పాట వింటూ కూర్చోగా మాత్రం ఎవరూ చూడలేదు. చూసే వీలు లేదు. ఆయన వినడు.

నయాపూల్ దగ్గర ఒక సర్కారీ ఆఫీసు రికార్డు గదిలో ముప్పై మూడేళ్లు గుమాస్తాగా చేశాడు. ఆ గదిలో ఒక్కటే ధర్మం. తారీఖు ముద్ర ఉన్నది కాగితం, లేనిది చెత్త. మిగతా వాళ్లు సాయంత్రం ఐదింటికి ఆ ధర్మాన్ని బల్ల సొరుగులో పెట్టి తాళం వేసి ఇళ్లకు పోయేవారు. వైకుంఠం సంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాడు. రిటైరైన వారానికే మూడు వందల అరవై ఆరు అట్ట ఫైళ్లు కొని, ఒక్కో దాని మీద ఒక్కో తారీఖు రాసి, గోడకు పేర్చాడు. లోపల పెట్టేందుకు ఏదో ఒకటి కావాలి. క్రికెట్ గురించి పక్క గల్లీలో ఇంకొకాయన అప్పటికే మొదలుపెట్టేశాడు. అందుకని పాటలు. ఇదీ ఆయన సంగీత ప్రేమ.

ఫిబ్రవరి ఇరవై తొమ్మిది ఫైలు మాత్రం బక్కగా ఉండిపోయింది. ఆయనకు జాలంటూ ఉంటే అది దాని మీదే.

భార్య సుందరమ్మను అడగండి, చెబుతుంది. "రిటైరైన సంది ఒక్క పాట నిండుగ విననియ్యలే ఈ మనిషి. రేడియోల ఆమె సినిమా పేరు, పాడినోళ్ల పేర్లు చెప్తది. ఈయన రాసుకుంటడు. పాట షురూ కాంగనే టక్కున బంద్ చేస్తడు. సుజనా, నాకు మస్తు పాటలు ఎరుక. అన్నీ పల్లవి కాడి దాకనే."

రోజూ పొద్దున ఆరింటికి వైకుంఠం ఫోన్ నుంచి ఒక కార్డు బయలుదేరుతుంది. పైన 'ఈ రోజు సంగీతంలో' అని ఉంటుంది, కింద నాలుగు అంశాలు. ఒక తారీఖున ఎవరో గాయని పుట్టి ఉంటుంది. అదే తారీఖున ముప్పై ఏళ్ల తర్వాత ఎవరో సంగీత దర్శకుడు పోయి ఉంటాడు. బొంబాయిలో ఒక సినిమా పాటల రికార్డు బజారుకొచ్చి ఉంటుంది. సముద్రాల అవతల ఏదో బృందం కొట్లాడుకుని విడిపోయి ఉంటుంది. ఒకరి ముఖం ఒకరు చూసి ఎరగరు. అయినా నలుగురినీ ఫలక్‌నుమా షేర్ ఆటోలో కుక్కినట్టు ఒకే కార్డులో కుక్కి, మూలన రెండు గులాబీలు అంటించి, పన్నెండు వాట్సాప్ గ్రూపుల్లోకి తోలేస్తాడు. జనం దండాలు పెడతారు. "మీరు నడిచే గ్రంథాలయం సార్" అంటాడొకడు. ఆ గ్రంథాలయంలో అన్నీ అట్టలేనని, లోపల ఒక్క పేజీ లేదని ఎవరికీ అనుమానం రాలేదు.

ఒకసారి నాకు ఆశ పుట్టి అడిగాను. "సార్, పొద్దున మీరు రాసిన పాట ఎట్లుంటది? హుషారుగుంటదా, మెల్లగుంటదా?"

ఆయన కళ్లజోడు పైనుంచి చూశాడు. "అది డెబ్బై మూడుది" అన్నాడు.

ఇలాంటి మనిషి వల్ల లోకానికి పెద్ద నష్టం లేదనే అనుకుంటూ వచ్చాను. సినిమా వాళ్ల పుట్టినరోజు ఒక రోజు అటూ ఇటూ అయితే ఎవరి కొంప మునుగుతుంది?

సినిమా తారీఖులు అందరూ పంచేవే గనుక, ఎవరి దగ్గరా లేని తారీఖు ఒకటి సంపాదించాలని ఆయనకు బుద్ధి పుట్టింది. వెళ్లి వెళ్లి వహీద్ భాయ్ దుకాణానికి వెళ్లాడు. వహీద్ ఇప్పుడు మొబైల్ కవర్లు అమ్ముతున్నాడు గాని, ఒకప్పుడు శాలిబండలో క్యాసెట్లు నింపి ఇచ్చే దుకాణం అతనిదే. ఎవరింట పెళ్లి జరిగినా, ఆడవాళ్ల పాటలు రికార్డు చేసుకొచ్చి ఇస్తే కాపీలు తీసి ఇచ్చేవాడు. పాత క్యాసెట్ల గోనెసంచి ఒకటి ఇంకా అటక మీద ఉంది. వైకుంఠం ఆ సంచి దింపించి, డబ్బాలన్నీ తెరిచి, మూత లోపలి కాగితాలు మాత్రం ఏరుకున్నాడు.

"క్యాసెట్లు నీకే ఉండనీ భాయ్. నాకు కాగితాలు చాలు."

"క్యా సాబ్, బిర్యానీ వద్దని గిన్నె మూత కొంటవోతున్నరా?" అన్నాడట వహీద్. అది ఎగతాళి అని కూడా వైకుంఠానికి తట్టలేదు. కాగితాలు లెక్క సరిచూసుకుని, రబ్బరు బ్యాండు వేసుకుని వచ్చేశాడు.

పోయిన సెప్టెంబరు పద్నాలుగు, ఆదివారం. కార్డులో నాలుగో అంశం ఇలా ఉంది: "1986: జహనుమాకు చెందిన ప్రముఖ గాయని అజ్మతున్నీసా ఒక మాంఝా వేడుకలో పాడిన ఢోలక్ పాటల తొలి క్యాసెట్ ఇదే రోజున రికార్డయింది." మూలన రెండు గులాబీలు.

అజ్మతున్నీసాకు డెబ్బై నాలుగేళ్లు. పెళ్లికి ముందు పసుపు పూసే మాంఝా నాడు ఆడవాళ్ల మధ్య తివాచీ మీద కూర్చుని ఢోలక్ పట్టి పాడడం తల్లి దగ్గర నేర్చుకుంది. పాటలన్నీ నోటికే. పెళ్లికూతుర్ని ఏడిపించే పాటలు, వియ్యపురాలిని ఆటపట్టించే పాటలు. గది చూసి, మనిషిని చూసి, అక్కడికక్కడ చరణం కట్టేస్తుంది. నేను తొమ్మిదేళ్లుగా ఎక్కడ పాడితే అక్కడికి వెళ్లి గుమ్మం పక్కన కూర్చుంటున్నాను, ఒక పాట రెండుసార్లు ఒక్కలా రావడం ఇంతవరకు వినలేదు.

ఆ మధ్యాహ్నానికి ఎవడో ఒకడు ఆ తారీఖు ఇస్లామీ క్యాలెండరులో ఏమవుతుందో ఫోన్‌లో నొక్కి చూశాడు. 1986 సెప్టెంబరు పద్నాలుగు అంటే ముహర్రం ఎనిమిదో రోజు. ముహర్రం తొలి పది రోజులు శోకదినాలు. పాతబస్తీలో ఆ రోజుల్లో పెళ్లి ఉండదు, పెళ్లి పాట ఉండదు, ఢోలక్‌ను గుడ్డలో చుట్టి అటకెక్కిస్తారు. ఇది ఇక్కడి ఏ మతం పిల్లనడిగినా చెబుతుంది. ఇక్కడే పుట్టి, అరవై ఆరేళ్లు ఇక్కడే బతికి, పీర్ల ఊరేగింపు రోజున బస్సు ఏ దారిన మళ్లుతుందో కూడా తెలిసిన వైకుంఠానికి తెలియలేదు. తెలియకపోవడమేమిటి, ఆయన చూడలేదు. కాగితం మీద సెప్టెంబరు అని ఉంది, సెప్టెంబరు పద్నాలుగు ఫైలులో నాలుగో చోటు ఖాళీగా ఉంది, పెట్టేశాడు.

సోమవారం పొద్దున అజ్మతున్నీసా తన మనవరాలు యుస్రా చెయ్యి పట్టుకుని మా మెట్లెక్కి పైకి వెళ్లింది. ఆ మోకాళ్లతో ఇరవై రెండు మెట్లు ఎక్కిందంటే ఏదో ఉందని నేనూ వెనకే వెళ్లాను.

"సలాం అన్నా. నేను అజ్మతున్నీసాను. నిన్న మీరు రాసింది నన్నే."

వైకుంఠం పొంగిపోయాడు. మొక్కి పోదామని వచ్చిందనుకున్నాడు. "కూసో అమ్మా, కూసో. నీ పేరు పన్నెండు గ్రూపులల్ల పోయింది. మూడు వందల యాభై మంది చూసిండ్రు!"

"అదే ఫికర్ అన్నా. మూడు వందల యాభై మంది నేను ముహర్రంల ఢోలక్ కొట్టిన్నని అనుకుంటున్నరు."

"నేను ముహర్రం అని రాయలేదే? సెప్టెంబర్ అని రాసిన."

"రెండూ ఒకటే రోజు సార్" అంది యుస్రా.

"గదంతా నాకు తెల్వదు. కాగితం మీద ఉన్నది రాసిన. మీ తాన వేరే కాగితం ఉంటే తేండ్రి, చూస్త."

"పాటకు కాగితమేంది అన్నా? నా తాన నోరున్నది. చెప్తున్న కదా, ఆ నెలల నేను ఢోలక్ ముట్టలే. మా అమ్మ ముట్టలే. మా ఇంట్ల ఎవ్వరు ముట్టలే."

"నోటిమాట రికార్డుకు ఎక్కదమ్మా" అన్నాడు వైకుంఠం, ముప్పై మూడేళ్లు ఎంతమంది ముఖాల మీద అన్నాడో ఆ మాట, అంత సుళువుగా.

అప్పుడు ఆమె అసలు సంగతి చెప్పింది. ఫలక్‌నుమా దగ్గర హబీబ్ పాషా అని పెద్ద ఇంటి ఇల్లాలు ఉంది. ఆమె ఆడపడుచుల పెళ్లిళ్లకు అజ్మతున్నీసా పాడింది, బిడ్డ పెళ్లికి పాడింది. గురువారం మనవరాలి మాంఝా. నెల కిందటే చెప్పి ఉంచారు. నిన్న సాయంత్రం ఫోన్ చేసి, తకలీఫ్ తీసుకోవద్దు అజ్మత్, వేరే వాళ్లను చూసుకుంటాం అన్నారట.

"పెండ్లికొడుకు దిక్కోళ్లు మీ కార్డు చూపిచ్చిండ్రంట. ముహర్రంల పాడినామె చేతి ఢోలక్ మా కోడలి మాంఝాల ఎందుకన్నరంట. నేను కసమేసి, ఒట్టేసి చెప్పిన పాషాకు, జూట్ అది అని. ఇనలే. ఇంత పెద్ద ఇల్లు వద్దంటే, ఇంక నన్ను ఎవరు గుమ్మం తొక్కనిస్తరన్నా? గురువారం లోపల ఇది సాఫ్ కావాలె."

సుందరమ్మ వంటింట్లోంచి గరిటెతోనే వచ్చింది. "ఆమె ఇజ్జత్ పోతుంటే నీకు కాగితం కావాల్నా? తీసెయ్ ఆ లైను."

"తీసేస్తే సెప్టెంబర్ పద్నాలుగుల మూడే ఉంటయి" అన్నాడాయన.

నేను సరాసరి వహీద్ దుకాణానికి వెళ్లాను. సంగతి విని అతను నెత్తి కొట్టుకున్నాడు. "హాయ్ అల్లా, అది జిద్దా తారీఖు సుజనమ్మా!"

కథ ఇంతే. ఆ రోజుల్లో గల్లీకి పదిమంది అరబ్బు దేశాల్లో ఉండేవారు. ఇక్కడ పెళ్లయితే, రాలేకపోయిన వాళ్ల కోసం పాటల క్యాసెట్ కాపీ తీయించి, అటు పోయే మనిషి ఎవరైనా దొరికినప్పుడు చేతికిచ్చి పంపేవారు. మనిషి దొరకడానికి ఒక్కోసారి ఆరు నెలలు పట్టేది. ఎవరి పొట్లం ఎవరితో పోవాలో కలిసిపోకుండా, ఆ మనిషి విమానమెక్కే తారీఖు వహీద్ మూత కాగితం మీద రాసేవాడు. పాడిన తారీఖు ఎవరికి కావాలి? పెళ్లి ఎప్పుడైందో ఇంటివాళ్లకు తెలుసు. ఆ 14-9-86 నాడు జిద్దా పోవాల్సిన మనిషికి చివరి నిమిషంలో జ్వరమొచ్చింది, క్యాసెట్ ఇక్కడే ఉండిపోయింది.

"గా సాబ్ నన్నొక్క మాట అడిగితే చెప్పకపోదునా? కాగితాలు ఏరుకోని గట్లనే పాయె."

సంచిలో చెయ్యి పెట్టి కాసేపు వెతికి, ఒంటి మీద ఉర్దూలో 'అజ్మత్' అని రాసి ఉన్న ఒకే ఒక్క క్యాసెట్ తీసి ఇచ్చాడు.

మంగళవారం మధ్యాహ్నం నా టేప్ రికార్డరు పై వాటాకు మోసుకెళ్లాను. వహీద్ చెప్పింది చెబితే వైకుంఠం ఒప్పుకోలేదు. అది కూడా నోటిమాటేనట. అజ్మతున్నీసా, యుస్రా, సుందరమ్మ మంచం మీద కూర్చున్నారు. ఆయన కుర్చీలో పెన్ను పట్టుకుని, పాట వినడానికి కాదు, వాంగ్మూలం తీసుకోవడానికి కూర్చున్నట్టు కూర్చున్నాడు.

టేపు గరగరమంది. పిల్లల ఏడుపు, గాజుల చప్పుడు, ఆ వెనక ఢోలక్. తర్వాత ముప్పై అయిదేళ్ల అజ్మతున్నీసా గొంతు లేచింది. ఇప్పటి గొంతులో ఉన్న ఇసుక అందులో లేదు. పెద్దావిడ తన గొంతు తానే వింటూ ఎవరో పరాయి పిల్లను చూసినట్టు నవ్వింది. వైకుంఠం వాచీ చూసుకున్నాడు. "ఇంకెంత సేపు?" అన్నాడు. ఇల్లంతా మూడు వేల పాటల పేర్లు దాచుకున్న మనిషి, ఒక్క పాట నాలుగు నిమిషాలు సాగితే ఓర్చుకోలేకపోయాడు.

రెండో పాట అయిపోయాక ఒక ఆడమనిషి గొంతు గట్టిగా వినిపించింది. "జల్దీ ఖతం కరో మా! కల్ హమారే ఘర్ కూండే హై, పూరియాఁ తల్నా హై!" చుట్టూ నవ్వులు.

యుస్రా గబుక్కున టేపు ఆపింది. "విన్నరా సార్? రేపు కూండేలు, పూరీలు కాల్చాలె అంటున్నది. కూండే రజబ్ నెల ఇరవై రెండున చేస్తరు, మట్టి గిన్నెలల్ల పూరీ, ఖీర్ పెట్టి. అంటే ఈ మాంఝా రజబ్ ఇరవై ఒకటిన. ముహర్రంకు అయిదు నెలల ముంగల."

అజ్మతున్నీసా మాత్రం నెల సంగతి వినడం లేదు. "అది మా చిన్నాడబిడ్డ" అంది మెల్లగా. "పోయి పదకొండేండ్లాయె. ఇంకొక్కసారి పెట్టు బేటా."

"అక్కర్లేదు, రాసుకున్న" అన్నాడు వైకుంఠం.

సుందరమ్మ ఆయన వైపు చూసిన చూపు నేను ఇక్కడ రాయలేను. యుస్రా టేపు వెనక్కి తిప్పి మళ్లీ పెట్టింది. ఆ గొంతు మళ్లీ పూరీల కోసం తొందరపడింది. ఈలోగా ఆయన ఫోన్‌లో లెక్క కట్టిస్తున్నాడు. ఏప్రిల్ ఒకటి అని ఒకచోట వచ్చింది, రెండు అని ఇంకొకచోట.

"ఇండ్ల ఏది?"

"నెలవంక ఇక్కడ ఏ రోజు కనిపిచ్చిందో దాన్ని బట్టి సార్. ఒకటో రెండో."

"ఒకటో రెండో అంటే రెండు ఫైళ్లల్ల ఎట్ల పెడ్త?"

"నడిమిట్ల చింపి పెట్టు" అంది సుందరమ్మ.

చివరికి రెండో తారీఖునే ఖాయం చేసుకుని ఆయన ఒక సవరణ తయారుచేశాడు. "సెప్టెంబరు 14 నాటి నాలుగవ అంశము ఏప్రిల్ 2కు మార్చడమైనది. గమనించగలరు." అంతే. అజ్మతున్నీసా పేరు లేదు, ముహర్రం మాట లేదు. ఆ పన్నెండు గ్రూపుల్లో ఒక్కడికి కూడా అర్థం కాదు, అర్థమైన వాడు చదవడు.

"సార్, ఆమె ముహర్రంల పాడలేదు, తప్పు నాది అని సాఫ్‌గ రాయండి" అన్నాను.

"తప్పు నాదెట్లయితది? కాగితంది."

సుందరమ్మ లేచి ఆయన చేతిలోంచి ఫోన్ లాక్కుంది. నలభై ఏళ్లలో అది మొదటిసారి అయ్యుండాలి, ఎందుకంటే ఆయన చెయ్యి ఫోన్ పట్టుకున్న భంగిమలోనే గాలిలో ఉండిపోయింది. "బిడ్డా, మాట్లాడితే పోయేది ఏది నొక్కాలె?" యుస్రా చూపించింది.

"నేను వైకుంఠం ఇంటామెను మాట్లాడుతున్న. మొన్న ఈ మనిషి జహనుమా అజ్మతున్నీసా ముహర్రంల ఢోలక్ కొట్టిందని అనుకునేటట్టు రాసిండు. అది జూట్. పాడింది రజబ్‌ల. ఈయన క్యాసెట్ ఇనకుండ మూత చూసి రాసిండు. ఇగో, మీరన్నా ఇనుండ్రి." ఫోన్‌ను టేప్ రికార్డరు దగ్గర పెట్టింది. పాట చివరి చరణం, ఆ తర్వాత పూరీల గొంతు, నవ్వులు, అన్నీ అందులోకి వెళ్లాయి. పన్నెండు గ్రూపులకూ పంపేదాకా ఫోన్ ఇవ్వలేదు.

వైకుంఠం అడ్డం పడలేదు గాని, ఒక్కటి అడిగాడు. "పాట మొత్తం పెట్టినవా? నెట్ అయిపోతది కదా."

ఆ రాత్రికే అది ఫలక్‌నుమా చేరింది. బుధవారం పొద్దున హబీబ్ పాషా ఫోన్ చేసింది. యుస్రా స్పీకర్ పెడితే నేనూ విన్నాను.

"అజ్మత్, వాట్సాప్‌ల విన్న. ఏదో గలత్‌ఫహ్మీ అయింది. రేపు రావాలె నువ్వు."

"ఆదివారం నేను కసమేసి చెప్పిన కదా పాషా. అప్పుడు నా గొంతు వినరాలేదా?"

"వస్తవా రావా?" అంది అవతలి నుంచి పాషా, కొంచెం చిన్న గొంతుతో.

"వస్త. పిల్ల మాంఝా. పిల్లదేం తప్పు?"

గురువారం సాయంత్రం అసర్ నమాజు అయ్యాక వెళ్లాం. పసుపు బట్టల్లో పెళ్లికూతురు, చుట్టూ నలభైమంది ఆడవాళ్లు. పెళ్లికొడుకు తల్లి బంగారు ఫ్రేము కళ్లజోడు పెట్టుకుని దిండుకు ఆనుకుని కూర్చుంది. ఢోలక్ వద్దన్నది ఆమేనని చెవుల్లో గుసగుసలు నడుస్తున్నాయి. హబీబ్ పాషా పాన్‌దాన్ తెచ్చి అజ్మతున్నీసా ముందు పెట్టింది. అజ్మతున్నీసా పాన్ తీసుకోలేదు. ఢోలక్ మీది గుడ్డా తీయలేదు.

"పాషా, ఈ రోజు తారీఖెంత? ఫోన్ల చూసి చెప్పు. కొట్టొచ్చో కొట్టొద్దో నాకెట్ల ఎర్కైతది?"

గదంతా ఫక్కున నవ్వింది. హబీబ్ పాషా ముఖం కందిపోయింది. చేతిలో ఉన్న ఫోన్ కోడలికి ఇచ్చేసి, మోకాళ్లు పట్టుకుని మెల్లగా తివాచీ మీదికి దిగింది. షర్బత్ పళ్లెంలోంచి చెంచా తీసి, గుడ్డ అంచు కొంచెం పైకి జరిపి, ఢోలక్ చెక్క దగ్గర పట్టుకుంది. పాడే ఆమె పక్కన కూర్చుని చెక్క మీద చెంచాతో తాళం వేయడం చిన్నపిల్లల పని, లేకపోతే పనివాళ్ల పని. ఆ ఇంట్లో పెద్ద దిక్కు చేసే పని కాదు.

"నేను కొడ్త. నువ్వు పాడు."

కొట్టింది.

"తాళం తప్పింది పాషా."

మళ్లీ కొట్టింది. అజ్మతున్నీసా తల అడ్డంగా ఊపింది. మూడోసారి కుదిరింది. అప్పుడు గుడ్డ తీసి, ఢోలక్ తొడ కిందికి లాక్కుని, వియ్యపురాలి వైపు తిరిగి ఎత్తుకుంది:

"సమ్ధన్ ఆయే ఐనక్ లగాకే,
దిన్ మే చాంద్ కూ ఢూండే జీ!"

వియ్యపురాలు కళ్లజోడు పెట్టుకొచ్చింది, పట్టపగలు నెలవంకను వెతుకుతోంది. ఆడవాళ్లంతా ఒక్కసారి అందుకున్నారు. పెళ్లికొడుకు తల్లి కళ్లజోడు తీసేసి దుపట్టాలో ముఖం దాచుకుంది. ఆమెకు ఇంకా నాలుగు చరణాలు పడ్డాయి.